ఖాళీ ట్రిప్పుకూ డీజిల్ కాలుతుంది

ప్రతి నెలా 5వ తారీఖు సాయంత్రం మా నాన్న ఫోన్ చేస్తారు. తిన్నావా, ఆఫీసు ఎలా ఉంది, జలుబు తగ్గిందా... ఇవన్నీ అయ్యాక, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడుగుతారు.

‘‘అద్దె పడిందా తల్లీ?’’

2023లో వరసగా మూడు నెలలు ఆ ప్రశ్నకి నేను ‘‘పడింది నాన్నా’’ అని అబద్ధం చెప్పాను.

నాకిప్పుడు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాతికేళ్లకే ఫ్లాట్ కొని అద్దెకిచ్చానని మా టీమ్‌లో నాకో పేరుంది. కొత్తగా చేరిన పిల్లలు క్యాంటీన్‌లో పక్కన కూర్చుని ‘‘అక్కా, అద్దెతోనే ఈఎంఐ కట్టేస్తున్నావంట కదా, మాకూ చెప్పవా’’ అంటుంటారు. వాళ్లకి టీ తాగేంత సేపట్లో చెప్పలేనిది ఇక్కడ చెబుతాను.

నాన్న పది లక్షలు

నాన్న ఖమ్మంలో ఆర్టీసీ డ్రైవర్. 2021లో రిటైరయ్యారు. ఆర్టీసీ వాళ్లకి పెద్ద పెన్షన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నాన్నకి వచ్చేది నాలుగు వేలు కూడా దాటదు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన దాంట్లో అప్పులు తీర్చగా పది లక్షలు మిగిలాయి. అమ్మ దృష్టిలో అవి నా పెళ్లి డబ్బులు.

అప్పట్లో నేను యూట్యూబ్‌లో ఇన్వెస్ట్‌మెంట్ వీడియోలు తెగ చూసేదాన్ని. ‘‘నాన్నా, ఆ పది లక్షలు నాకివ్వు. ఫ్లాట్ కొని అద్దెకిస్తా. నెలనెలా నీకు 8 వేలు పంపిస్తా. బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే ఐదు వేలు కూడా రాదు’’ అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నాన్న మాత్రం రెండ్రోజులు ఆలోచించి ‘‘సరే, నీకు తెలుసు కదా’’ అన్నారు.

నాకు తెలియదు. ఆ సంగతి కూడా నాకు తెలియదు.

నచ్చిన ఫ్లాట్, బ్యాంకు వద్దన్న ఫ్లాట్

నా బడ్జెట్‌కి నిజాంపేట దొరికింది. మియాపూర్, జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్లు మరీ దూరం కావు. ఐటీ వాళ్లు, హాస్పిటల్ వాళ్లు అద్దెలకు ఉంటారు. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, ‘‘సార్ ఎప్పుడొస్తారమ్మా చూడ్డానికి?’’ సార్ లేరు, నేనే వస్తాను అని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మొదట నచ్చింది పై అంతస్తులో ఫ్లాట్. గాలి, వెలుతురు, బాల్కనీలోంచి సూర్యాస్తమయం. పైగా కింది ఫ్లాట్ల కంటే 8 లక్షలు తక్కువ. అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకున్నా. బ్యాంకు లాయర్ ప్లాన్ చూసి, ఆ అంతస్తుకి అసలు పర్మిషనే లేదు, లోన్ రాదు అన్నారు. ఆ రోజు రూమ్‌కొచ్చి ఏడ్చాను. ఇప్పుడు ఆ లాయర్‌గారు ఎక్కడున్నా ఆయనకో దండం.

అప్పట్నుంచి నాకొక పాఠం. మార్కెట్ కంటే బాగా చవగ్గా వస్తోందంటే ముందు కాగితాలు చూడాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల చిట్టా, రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర దొరుకుతుంది. దాన్ని లింకు డాక్యుమెంట్లతో పోల్చి చూడాలి. ఆమోదించిన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయి, బయట నిలబడి లెక్కపెడితే ఎన్ని ఉన్నాయి చూడాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగాలి. సర్వే నంబర్ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. దగ్గర్లో చెరువు ఉంటే అది లేక్ వ్యూ అని మురిసిపోకుండా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ మ్యాపులు చూడాలి. 2024లో హైడ్రా బుల్డోజర్లు వచ్చాక ఈ మాటలు సిటీలో అందరి నోటా వినిపిస్తున్నాయి. నేను కొనేటప్పుడు నా ఫ్రెండ్స్‌లో ఒక్కరికీ తెలియవు.

బ్యాంకు లోన్ ఇచ్చింది కదా అని కాగితాలన్నీ క్లియర్ అనుకోవద్దు. బ్యాంకు లాయర్ పనిచేసేది బ్యాంకు కోసం. మీ కోసం ఇంకో లాయర్‌కి కొన్ని వేలు ఇవ్వండి. 60 లక్షల వస్తువుకి అది పెద్ద ఖర్చు కాదు.

58 లక్షల ఫ్లాట్ 65 లక్షలైంది

చివరికి 2022 మొదట్లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, కొన్నేళ్లే అయిన టూ బీహెచ్‌కే కొన్నాను. 1,150 చదరపు అడుగులు. ఇది గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నీ కలిపిన లెక్క. లోపల టేపు పెట్టి కొలిస్తే వచ్చే కార్పెట్ ఏరియా వేరు. అద్దెకొచ్చేవాళ్లు చూసేది లోపలిదే.

ధర 58 లక్షలు. 30 నుంచి 75 లక్షల లోపు లోన్లకి బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇవ్వొచ్చని ఆర్‌బీఐ నిబంధన. నాకు 46 లక్షలు వచ్చింది. మిగతా 12 లక్షలు మనవి అనుకున్నా. రిజిస్ట్రేషన్ ఖర్చులకి లోన్ రాదన్నది తర్వాత తెలిసింది. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, మిగతావి కలిపి 7.5 శాతం, అంటే 4 లక్షల 35 వేలు. బ్రోకర్‌కి ఒక శాతం, 58 వేలు. పెయింటింగ్, ఫ్యాన్లు, గీజర్లు, వంటింటి అరలు మరో 2 లక్షలు. మొత్తం చేతి నుంచి దాదాపు 19 లక్షలు.

నాన్నవి 10, నావి 6. మిగిలిన 3 లక్షలకి పర్సనల్ లోన్ తీసుకున్నా. ఇది నేను చేసిన మొదటి పెద్ద తప్పు. డౌన్‌పేమెంట్‌కే అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ ఇల్లు ఇంకా మన స్థాయికి రాలేదని అర్థం.

రెండో తప్పు చేయబోయి తప్పించుకున్నా. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఇల్లు కొంటే అందులో ఒక శాతం కొనేవాళ్లే టీడీఎస్‌గా ఆపి ప్రభుత్వానికి కట్టాలి. బ్యాంకులో ఒక మేడమ్ చెప్పేదాకా నాకు తెలియదు. అమ్మేవాళ్లు మనవాళ్లే అయినా అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉంటే ఆ లెక్క పూర్తిగా వేరు. టీడీఎస్ చాలా ఎక్కువ ఉంటుంది. అలాంటప్పుడు డబ్బులు ఇచ్చేముందే సీఏ దగ్గరికి వెళ్లండి.

అద్దె ఎంత? చేతికి ఎంత?

అద్దె నెలకి 17 వేలు. మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లదే. పన్నెండు నెలలకి 2 లక్షల 4 వేలు. 58 లక్షల మీద మూడున్నర శాతం. వీడియోల్లో చెప్పే లెక్క ఇంతవరకే.

అసలు లెక్క ఇది. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే 11 నెలల అద్దె 1 లక్షా 87 వేలు. ఇందులో ఆస్తి పన్ను, రిపేర్లు, కొత్త టెనెంట్‌ని తెచ్చినందుకు బ్రోకర్‌కి సగం నెల అద్దె, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ కలిపి 27 వేలు పోయాయి. మిగిలింది 1 లక్షా 60 వేలు. దీన్ని 58 తో కాదు, నిజంగా ఖర్చయిన 65 లక్షలతో భాగించాలి. రెండున్నర శాతం కూడా రాలేదు.

లోన్ వడ్డీ 6.9 శాతం. రెండున్నర వచ్చే వస్తువుని ఏడు శాతం అప్పుతో కొన్నానన్నమాట. ఈఎంఐ 35,400. అద్దె పోను 18,400 నా జీతంలోంచి. దానికి పైన నాన్నకి 8 వేలు. అద్దెతో ఈఎంఐ కట్టేయడమంటే ఇదీ సంగతి.

‘‘రేటు పెరుగుతుంది కదా’’ అంటారు. పెరగొచ్చు. పెరిగిన రేటు అమ్మినప్పుడే చేతికొస్తుంది. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఇంకొకటి, పాతబడే కొద్దీ బిల్డింగ్ విలువ తగ్గుతుంది, పెరిగేది నేల విలువ. అందుకే ఫ్లాట్‌తో పాటు మన పేరు మీద ఎన్ని గజాల అవిభాజ్య వాటా వస్తోందో డాక్యుమెంట్‌లో చూసుకోవాలి.

అసలుకి వెళ్లింది 138 రూపాయలు

2022 మేలో ఆర్‌బీఐ రెపో రేటు పెంచడం మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరికల్లా 4 శాతం నుంచి 6.5కి చేరింది. నా లోన్ రెపోకి లింకైంది. 6.9 కాస్తా 9.4 అయింది.

ఈఎంఐ మారలేదు కదా అని నేను పట్టించుకోలేదు. ఒకరోజు స్టేట్‌మెంట్ తెరిచి చూశా. ఇంకా 45 లక్షల అసలు ఉంది. దాని మీద నెల వడ్డీ 35,250. నేను కడుతున్నది 35,388. అంటే అసలులోకి వెళ్తున్నది 138 రూపాయలు! ఆ లెక్కన నా మనవలు కూడా కట్టాలి ఆ లోన్. బ్యాంకుకి వెళ్లి ఈఎంఐని 42,400 చేయించుకున్నా.

2025లో రేట్లు మళ్లీ దిగాయి, కాస్త ఊపిరి పీల్చుకున్నా. కానీ కొనేటప్పుడే, వడ్డీ ఇంకో రెండున్నర శాతం పెరిగినా కట్టగలనా అని వేసి చూసుకోవాల్సిన లెక్క అది. రోజూ కోడ్‌లో ఎడ్జ్ కేసులు టెస్ట్ చేసేదాన్ని, నా సొంత లోన్‌కి ఒక్క కేసూ టెస్ట్ చేయలేదు.

‘ఫ్యామిలీస్ ఓన్లీ’

2023 మేలో టెనెంట్లు ఖాళీ చేశారు. మంచి కుటుంబం, పిల్లాడి స్కూల్ దగ్గరికి మారారు. జూన్ ఒకటి నుంచి ఫ్లాట్ ఖాళీ. అదే నెలలో మా ప్రాజెక్టు మూతపడి నన్ను బెంచ్ మీద వేశారు. అది లే-ఆఫ్‌ల కాలం. హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తే చాలు గుండె జారిపోయేది.

నా టేక్ హోమ్ 85 వేలు. ఈఎంఐ 42,400. ఖాళీ ఫ్లాట్ మెయింటెనెన్స్ 2,500. పర్సనల్ లోన్‌కి పది వేలు. కొండాపూర్‌లో నేను ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఉండే ఇంట్లో నా వాటా 11 వేలు. నాన్నకి 8 వేలు. మిగిలిన పదకొండు వేలతో నెలంతా గడవాలి. గడవలేదు. క్రెడిట్ కార్డు గీకాను.

మొదటి వారంలోనే ముగ్గురమ్మాయిలు ఫ్లాట్ చూడ్డానికి వచ్చారు. ఇద్దరు నర్సులు, ఒకరు ల్యాబ్ టెక్నీషియన్. 18 వేలు ఇస్తామన్నారు. అసోసియేషన్ అంకుల్ ఒకాయన నన్ను పక్కకి పిలిచి, ‘‘నైట్ డ్యూటీలమ్మా వీళ్లవి, ఏ అర్ధరాత్రో వస్తుంటారు. బ్యాచిలర్స్‌కి ఇస్తే బిల్డింగ్ పేరు పాడవుద్ది’’ అన్నారు. నేను తల ఊపి, యాప్‌లో యాడ్ మార్చాను: ఫ్యామిలీస్ ఓన్లీ.

సిగ్గుగా ఉంది ఇది రాయడానికి. ఎందుకంటే కొండాపూర్‌లో నేనూ బ్యాచిలర్‌నే. రాత్రి పదింటికి గేటు వేసేసిన ఓనర్లని, ‘‘మీరేవిట్లు?’’ అని కులం ఆరా తీసిన ఓనర్లని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఒక ఫ్లాట్ కొనేసరికి నేనూ ఆ వైపుకి వెళ్లిపోయా.

జూన్ అయింది, జూలై అయింది. కుటుంబాలు వచ్చి చూసి, ఎండాకాలంలో బోరు ఎండిపోతుందటగా, ట్యాంకర్లటగా అని అడిగి వెళ్లిపోయేవి. (ఫ్లాట్ కొనేవాళ్లు ఏప్రిల్, మేలో వెళ్లి చూడండి. నేను జనవరిలో చూశాను.) ఆగస్టు కూడా అయిపోవచ్చింది.

తాళం తీసుకుని రా

ఆ ఆగస్టు చివర్లో ఒక ఆదివారం నాన్న ఫోన్ చేశారు. తోటి డ్రైవర్ కూతురి పెళ్లికి కూకట్‌పల్లి వచ్చారట. ‘‘ఎలాగూ వచ్చా కదా అని ఫ్లాట్ చూద్దామని నిజాంపేట వచ్చా. వాచ్‌మన్ మూడు నెలల్నుంచి ఖాళీ అంటున్నాడు. తాళం తీసుకుని రా.’’

కొండాపూర్ నుంచి నిజాంపేట వరకు ఆటోలో ఏం చెప్పాలో వెయ్యి రకాలుగా అనుకున్నా. తలుపు తీశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఖాళీ హాల్లో నాన్న నేల మీద కూర్చున్నారు. నేనూ కూర్చుని మొత్తం చెప్పేశాను. 138 రూపాయలు, బెంచ్, అన్నీ.

ఆయన తిట్టలేదు. కాసేపాగి, ‘‘బండి ఖాళీగా తిరిగిన ట్రిప్పులు ఎన్ని చూళ్లేదు నేను? ఖాళీ ట్రిప్పుకి కూడా డీజిల్ కాలుద్దమ్మా. డిపోలో ఆ లెక్క ముందే వేసుకుంటారు. నువ్వు అన్నీ ఫుల్ లోడ్ ట్రిప్పులే రాసుకున్నావు’’ అన్నారు.

తర్వాత అడిగారు. ‘‘మరి నాకు పంపిన ఎనిమిది వేలు ఎక్కడివి?’’

కార్డు మీద అని చెప్పాను. అప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ‘‘నా ఖర్చులకి నువ్వు అప్పు చెయ్యడమేంటి’’ అని కిటికీ వైపు తిరిగారు. లోన్ లెక్కలన్నింటికంటే ఆ కాసేపే నాకు కష్టంగా అనిపించింది.

వెళ్లేముందు, ముందు వచ్చిందెవరు, ఎందుకు ఇవ్వలేదు అని అడిగారు. అంకుల్ మాట చెప్పాను. నాన్న నవ్వారు. ‘‘ఆఖరి బస్సు నేను ఎన్నేళ్లు తోలాను? రాత్రి పదకొండింటికి ఎక్కేవాళ్లలో నర్సులే ఎక్కువ. డ్యూటీ దిగి నిద్రకి తూలుతుంటారు పాపం. వాళ్లకి ఫోన్ చెయ్యి.’’

చేశాను. రెండున్నర నెలలైనా వాళ్లకి ఇల్లు దొరకలేదు. ఇంకా హాస్టల్లోనే ఉన్నారు. అసోసియేషన్ మీటింగ్‌లో బైలాస్ తెప్పించి చదివితే, బ్యాచిలర్స్‌కి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. సెప్టెంబర్ ఒకటిన వాళ్లు దిగారు. ఇప్పటికీ వాళ్లే ఉన్నారు. అద్దె ఒక్క నెల కూడా 5 దాటలేదు. ఆమధ్య ఆ అంకుల్‌కి బీపీ ఎక్కువైతే రాత్రి పైనుంచి దిగి వచ్చి చూసింది కూడా వాళ్లేనట.

మీరు కొనాలనుకుంటే

కొనొద్దని చెప్పను. కానీ ముందు ఇవి చేయండి.

ఆరు నెలల ఈఎంఐ, ఆరు నెలల మెయింటెనెన్స్ విడిగా ఎఫ్‌డీలో ఉంటేనే కొనండి. డౌన్‌పేమెంట్‌లో దాన్ని కలపొద్దు.

బ్రోకర్ చెప్పిన అద్దె నమ్మొద్దు. అదే బిల్డింగ్‌లో అద్దెకున్నవాళ్లని అడగండి. నీళ్ల సంగతి వాచ్‌మన్‌ని అడగండి.

అగ్రిమెంట్ తప్పకుండా రాసుకోండి. మామూలుగా అందరూ 11 నెలలకి రాసుకుంటారు. నోటీసు ఎన్ని నెలలు, అద్దె ఏటా ఎంత శాతం పెరుగుతుంది, పెయింటింగ్ ఎవరిది, డిపాజిట్‌లోంచి ఏం కోస్తారు, అన్నీ అందులో ఉండాలి. తాళం ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా వీడియో తీసుకోండి. ఖాళీ చేసే రోజు గొడవ ఉండదు.

పన్ను ఆదా అవుతుందని కొనొద్దు. అద్దెలో ఆస్తి పన్ను పోగా 30 శాతం మినహాయింపు ఉంటుంది, నిజమే. కానీ కొత్త ట్యాక్స్ విధానంలో, లోన్ వడ్డీ వల్ల ఇంటి మీద వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీల్లేదు.

చేతిలో లక్షల్లేవు, అద్దె ఆదాయం ఎలా ఉంటుందో చూడాలి అనుకుంటే రీట్‌లు ఉన్నాయి. ఆఫీసు బిల్డింగుల అద్దెల్లో చిన్న వాటా అన్నమాట. షేర్ కొన్నట్టే ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. పంచడానికి మిగిలే నగదులో కనీసం 90 శాతం పంచాలని సెబీ నిబంధన. యూనిట్ ధర పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. కానీ గీజర్ పాడైందని రాత్రి పదింటికి మీకు ఫోన్ రాదు.

ఇక ముఖ్యమైనది. ఇంట్లోవాళ్ల రిటైర్మెంట్ డబ్బు అడిగేముందు, అది పోతే వాళ్లకి మళ్లీ సంపాదించుకునే వయసు లేదని గుర్తుంచుకోండి. నేను అడిగినప్పుడు నాన్న ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకోవాల్సింది.

పర్సనల్ లోన్ 2025లో తీరిపోయింది. అంతకుముందే నాన్నకి నెలనెలా పంపడం మళ్లీ మొదలుపెట్టా. వాళ్లు దిగిన కొత్తలో ఆరు నెలలు ఆయనే వద్దన్నారు. నా ఎక్సెల్ షీట్‌లో ఇప్పుడు ఒక కొత్త వరస ఉంది. దాని పేరు ‘ఖాళీ ట్రిప్పు’. ఫ్లాట్ నిండుగా ఉన్నా సరే, ప్రతి నెలా అందులో 3 వేలు పక్కన పెడతాను.

మొన్న 5వ తారీఖు నాన్న ఫోన్ చేసి ఎప్పట్లాగే అడిగారు. ‘‘పడింది నాన్నా’’ అన్నాను. ఫోన్ పెట్టేశాక స్క్రీన్‌షాట్ కూడా పంపాను. ఆయన అడగలేదు. నేనే పంపుతున్నా, ఆ ఆగస్టు నుంచి.